ఆరున్నొకటి

ఆడపిల్ల లెక్కపెడుతున్నప్పుడు నవ్వకూడదు. ఆ లెక్కలో మనం కూడా ఉన్నప్పుడు అసలే నవ్వకూడదు. ఇంత చిన్న సంగతి తెలియక ఓ పెద్దమనిషి ఆ గురువారం నానా అవస్థా పడ్డాడు.

మలేసియాలో పెనాంగు దీవి, జార్జ్ టౌన్ రేవులోకి పొద్దున్న ఎనిమిదింటికి ఓ తెల్లటి విహార ఓడ వచ్చి ఆగింది. పద్నాలుగు అంతస్తులది. దిగినవాళ్ళను తిప్పి చూపించడానికి బస్సులు బారులు తీరి ఉన్నాయి. ఆ బారులో చిట్టచివర, అన్నిటికంటే చిన్న వ్యాను మోహనప్రియది. ఆరుగురు ప్రయాణికులు, వాళ్ళకు తోడుగా ఓడ తరఫున ఒక ఉద్యోగి, అంతే పడతారు. వాళ్ళను వంతెన దాటించి, కొబ్బరితోటల్లోకి తీసుకెళ్ళి, అప్పుడే దింపిన కల్లు రుచి చూపించి, భోజనం పెట్టించి, నాలుగింటికల్లా మళ్ళీ రేవులో దింపాలి. ఇటలీలో ఇదే ఓడ ఆగితే ద్రాక్షతోట, వైను. ఇక్కడ కొబ్బరితోట, కల్లు. తెల్లవాళ్ళకు రెండూ సరదాయే.

అందరూ ఎక్కాక ప్రియ తలుపు దగ్గర నిలబడి, ఒక్కొక్క తలనూ వేలితో చూపిస్తూ తనలో తాను లెక్కపెట్టుకుంది.

"లాభం... రొండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు... ఆరున్నొకటి."

ఏడో తల పకపకా నవ్వింది.

ప్రియ వేలు గాల్లోనే ఆగిపోయింది. చూస్తే, ఓడ ఉద్యోగి. ముప్ఫైకి ఒకటి అటో ఇటో వయసు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, దాని మీద పేరు: రాజ్, వైన్ స్టీవార్డ్, ఇండియా. విహారం ఎలా జరిగిందో రాసే ఫారం ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మీరు తెలుగువారా అండీ?" అన్నాడు టీవీలో వార్తలు చదివేవాళ్ళ తెలుగులో.

"ఎందుకు నవ్వినారు?"

"అబ్బే, ఏం లేదండీ. ఆరున్నొకటి అన్నారు కదా..."

"అన్నాను. అందులో నవ్వడానికి ఏటున్నాది? ఆరు తరవాత అదే కదా వచ్చీది."

"అది ఊళ్ళల్లో ముసలివాళ్ళ మొరటు లెక్కండీ. సరైన తెలుగులో ఏడు అంటారు."

"ఏడా? అది తమిళం లా!" అంది ప్రియ. మలేసియాలో మాట చివర ఓ 'లా' తగిలించకపోతే తిన్నది అరగదు మరి. "తమిళంలోనే ఏళు అంటారు. కదా అన్నే?"

డ్రైవర్ దేవరాజన్ తమిళుడు. పాతికేళ్ళుగా ఆ రేవులో వ్యాను నడుపుతున్నాడు. "ఏళు మాదే," అని ధీమాగా తల ఊపాడు. ప్రియ ఫోను తీసి, తెలుగులో సెవెన్ అంటే ఏమిటని అడిగింది. ఫోను గుక్క తిప్పుకోకుండా "ఏడు" అంది.

పాపం ప్రియ. ఆమె చదివింది తమిళ బడి. తెలుగు రాయడం రాదు, చదవడం రాదు. ఫోన్ నంబర్లు ఇంగ్లీషులో, బజారు లెక్కలు మలయ్‌లో, గుడిలో అందరితో తమిళం. తెలుగు అంటే ఇంట్లో మామ్మ, అంతే. సుంగై పెటాని దగ్గర రబ్బరు తోటలో పుట్టి పెరిగిన మామ్మ, ఒడిలో కూర్చోబెట్టుకుని లాభం, రొండు, మూడు అని నేర్పింది. అమ్మానాన్నలు జొహోర్‌లో తమ్ముడి దగ్గర ఉంటారు, ఆ ఇంట్లో తెలుగు ఎప్పుడో ఆరిపోయింది. మామ్మ పోయి పదకొండు నెలలు. నగా నట్రా ఏమీ మిగల్చలేదు, ఈ నాలుగు మాటలు తప్ప. అందులో ఒకటి తప్పని ఫోను కూడా సాక్ష్యం చెప్పేసింది. ఇంక ఎన్ని తప్పులో!

"ప్లీజ్ వేర్ యువర్ సీట్ బెల్ట్, సర్," అంది ప్రియ. ఆ తర్వాత భోజనాల వేళదాకా అతనితో తెలుగు ముక్క మాట్లాడలేదు.

అయితే విధి ఊరుకోదు కదా. తోట ఇంట్లో భోజనం ఇద్దరికొక వెదురు తట్టలో పెడతారు. తట్టలో అరిటాకు, అన్నం, చేపల పులుసు, పెతాయ్ చిక్కుడు వేసిన సంబల్ అనే మిరపకారం, పక్కన ఓ చిన్న కుండ కల్లు. ముగ్గురు మొగుళ్ళు, ముగ్గురు పెళ్ళాలు, మూడు తట్టలు. బేసిగా మిగిలినవాడికి గైడే జత కూర్చోవాలి, అది ఆ ఇంటి పద్ధతి. ప్రియ తట్టకు ఈ పక్క, రాజ్ ఆ పక్క. మధ్యలో చేప తల ఒకటి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"మీ కల్లు చాలా బాగుందండీ," అన్నాడు రాజ్, రాజీకి వచ్చేవాడిలా.

"కుండలో కల్లా సర్, మొహంలో కళ్ళా?" అంది ప్రియ ఆకువైపే చూస్తూ. "నాకు రొండూ ఒకేలాగ ఇనపడతాయి. మొరటుదాన్ని కదా."

రాజ్‌కు పొలమారింది. కళ్ళు ఎర్రబడేదాకా దగ్గాడు. ప్రియ మంచినీళ్ళ గ్లాసు అతనివైపు జరిపి లేచిపోయింది.

ఆ సాయంత్రం పదకొండో అంతస్తులోని తన ఫ్లాటు తలుపు తీయగానే, అలవాటు కొద్దీ "ఆరున్నొకటి మంది, మామ్మా" అనబోయి నాలుక కరుచుకుంది. పనినుంచి రాగానే "ఎంతమందొచ్చినారే?" అని అడిగేది మామ్మ. అడిగేవాళ్ళు లేని ఇంట్లో చెప్పుల చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది. టీవీ పెట్టింది. తమిళం. మార్చింది. మలయ్. కట్టేసి, చల్లారిన మీగోరెంగ్ నూడుల్స్ పొట్లం విప్పుకుని నిలబడే తినేసింది. ఒక్క మనిషికి కుర్చీ జరపడం కూడా దండగ అనిపించే రోజులవి.

నాలుగు రోజులకు ఆఫీసునుంచి ఫోను వచ్చింది. "ఓడవాళ్ళ ఫారంలో నీకు ఫుల్ మార్కులు ప్రియా. కింద 'గైడు లెక్క అద్భుతం' అని రాశారు. ఏం లెక్కది?"

వెక్కిరింత! రాతపూర్వకంగా కూడానా! ప్రియకు ఒళ్ళు మండిపోయింది.

రెండు వారాలకోసారి వస్తుంది ఆ ఓడ. మళ్ళీ గురువారం. మళ్ళీ ముగ్గురు మొగుళ్ళు, ముగ్గురు పెళ్ళాలు, వాళ్ళ వెనకాల అదే ఇస్త్రీ చొక్కా. ప్రియ తల కూడా ఎత్తకుండా, "వన్, టూ, త్రీ, ఫోర్, ఫైవ్, సిక్స్, సెవెన్," అని తలుపు ధడాలున వేసింది.

దేవరాజన్ అద్దంలోంచి చూశాడు. "ఏమ్మా, ఇవాళ లాభం లేదా?"

మూడేళ్ళుగా రోజూ వింటున్నాడేమో, ఆయనకు తెలుగులో వచ్చిన ఒకే ఒక్క మాట అది. ప్రియ సీటు బెల్టు లాక్కుని పెట్టుకుంది. వెనక సీట్లో ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

తోటకు చేరేసరికి వాన అందుకుంది. రేకుల కప్పు మీద వాన పడితే చెవులు పనిచేయవు. మూడు జంటలూ తట్టలు లాక్కుని ఒకరికొకరు దగ్గరగా జరిగి కూర్చున్నారు. ప్రియ తన వంతు అన్నంలో వేలితో గీతలు గీస్తోంది.

"ఇంగ్లీషులో ఎందుకు లెక్కపెట్టారు?" అన్నాడు రాజ్.

"తప్పు ఉండదని."

"మీరు పెట్టింది తప్పు లెక్క అని నేను అనలేదండీ."

"మొరటు అన్నారు. ఫారంలో కూడా వెక్కిరించినారు."

"వెక్కిరించలేదు! నిజంగానే..." ఆగిపోయాడు. కల్లు ముంతను అటూ ఇటూ తిప్పాడు. తర్వాత, వాన హోరులో వినిపించాలని కాబోలు, ముందుకు వంగి చెప్పడం మొదలుపెట్టాడు. "మా ఊళ్ళో కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. పంట ఇంటికొచ్చే వేళ మంచి మాటతో మొదలవ్వాలని. మా నాన్నమ్మ ఇప్పటికీ అంతే."

"అయితే మా మామ్మ నేర్పినట్టే ఒకటిని నిజంగానే లాభం అంటారా?"

"అంటారు. ఆరు తర్వాత ఏడు అనరు. ఆరున్నొకటి అంటారు."

"ఎందుకు?"

"ఏడు అంటే ఇంకో అర్థం ఉంది కదండీ. ఏడు... ఏడువు అని. మంచిచోట ఆ మాట అనకూడదని దాటేస్తారు."

ప్రియ వేలు ఆకు మీద ఆగిపోయింది.

మామ్మ బియ్యం కొలిచేది. గుడ్లు లెక్కపెట్టేది. బడికి వెళ్తుంటే జడలో పూలు లెక్కపెట్టేది. ఎప్పుడూ, ఎక్కడా, ఆరు తర్వాత ఆ మాట ఆవిడ నోట రాలేదు. ఇరవై ఏడేళ్ళు తన ఇంట్లో మనవరాలికి ఆ మాట వినపడనివ్వలేదు, ఆ పిల్ల నోట పలకనివ్వలేదు.

"మీ మామ్మ మీకు తప్పు నేర్పలేదండీ," అన్నాడు రాజ్ మెల్లిగా. "ఏడు అనే మాట మీ దరిదాపులకు రానివ్వలేదు."

మామ్మ పోయిన రోజు ప్రియ ఏడవలేదు. ఆస్పత్రి కాగితాలు, శ్మశానం ఏర్పాట్లు, జొహోర్‌నుంచి వచ్చినవాళ్ళకు కాఫీలు, అన్నీ ఒక్కతే చూసుకుంది. తర్వాత ఏడుద్దామంటే ఎవరి ముందు ఏడవాలో తెలియలేదు. ఇప్పుడు, సంబల్ అంటిన చేత్తో, పరాయి మనిషి ముందు, కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. సిగ్గేసి మోచేత్తో మొహం దాచుకుంది.

ఆ పెద్దమనిషి వార్తల తెలుగు అప్పుడు ఎటు పోయిందో గానీ, "ఏడు," అన్నాడు. "పర్నేదు, ఏడిసీ. ఎవులూ సూడ్డం నేదు. ఇప్పుడు కాకపోతే మరెప్పుడేడుస్తావు?"

ప్రియ చటుక్కున తలెత్తింది. ముక్కు ఎర్రగా ఉంది, ఒక చెంప మీద సంబల్ ఉంది. "ఏటన్నావు?"

"ఏటీ... ఏం లేదండీ."

"ఏటి అన్నావు! నేదు అన్నావు! అచ్చం మా మామ్మలాగన్నావు! నీ సరైన తెలుగు ఏటైపోనాది?"

రాజ్ చెవులదాకా ఎర్రబడ్డాడు. అనకాపల్లి దగ్గర ఓ పల్లె అట అతనిది. హోటల్ మేనేజ్‌మెంటు చదవడానికి హైదరాబాదు వెళ్తే, మొదటి రోజే క్లాసులో లేచి 'ఏటి సార్' అన్నాడట. ఏడాది పొడుగునా అతన్ని అందరూ 'ఏటిసార్' అనే పిలిచారట. అప్పట్నుంచి నోరు కడిగేసుకున్నాడు. పదేళ్ళ తర్వాత ఓ రేవులో, ఓ అమ్మాయి వేలెత్తి లాభం రొండు అంటుంటే, నాన్నమ్మ వచ్చి వ్యానెక్కినట్టనిపించి నవ్వేశాడు. ఆ వెంటనే పాత భయం వచ్చి మొరటు అనిపించింది.

"నిన్ను కాదు నానన్నది," అన్నాడు తల దించుకుని. "నన్నే అనుకున్నాను."

"రాజ్ అనేది కూడా కడిగేసిన పేరేనా?"

"నూకరాజు."

ప్రియ ఏడుపులోంచి ఫక్కున నవ్వింది. "మా మామ్మ పేరు నూకమ్మ! అంత మంచి పేరు దాచీసినావేటి? సిగ్గు నేదా లా?"

వాన తగ్గింది. చేప తలను ఇద్దరూ కలిసి ఖాళీ చేశారు.

ఆ తర్వాత ఇంకో నాలుగు గురువారాలు. ఆ డ్యూటీ దక్కించుకోవడానికి నూకరాజు ఓడలో ఎంతమంది కాళ్ళు పట్టుకున్నాడో అతనికే తెలియాలి. కల్లు గురించి ప్రయాణికులకు అతనే చెప్పేవాడు, పొద్దున్న దింపింది తేనె, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి తగువు అని. వాళ్ళు ఫొటోలు తీసుకుంటుంటే ఈ ఇద్దరూ కొబ్బరిచెట్ల మధ్య నిలబడి, ఎవరికీ అర్థంకాని తెలుగులో ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు. ఆ ఎనిమిది గంటలు అయిపోగానే పద్నాలుగు రోజుల ఖాళీ. ఆ ఖాళీలో ప్రియ అతనితో చెప్పాల్సినవన్నీ కూడబెట్టుకునేది. తీరా గురువారం వచ్చేసరికి సగం మరిచిపోయేది.

మార్చి నెలాఖరున ఆఖరి గురువారం వచ్చింది. ఓడ ఇటలీ తీరానికి మారిపోతోంది. అక్కడ ఆర్నెల్లు.

"అక్కడ వైను తోటలు," అన్నాడు నూకరాజు రేవులో నిలబడి. "మన కల్లు ఉండదు."

"మంచిదే కదా. నీ పని వైనే కదా."

"అవును."

ఓడ కూత వేసింది. ఇద్దరికీ గొంతులో ఒకే మాట అడ్డం పడింది. ఇద్దరూ దాన్ని మింగారు.

"ప్రియా, ఒకటడుగుతాను. నువ్వెప్పుడూ నిన్ను లెక్కెట్టుకోవేటి?"

"గైడు లెక్కలోకి రాదు. ఓడెక్కీవోల్లనే లెక్కెట్టాల. వదిలేస్తే ఓడెల్లిపోద్ది కదా వాల్లకి." నవ్వబోయింది, సరిగ్గా రాలేదు. "ఎల్లు. ఆలీసమైపోతన్నాది."

అతను ఏదో అనబోయి, "వస్తాను," అనేసి వెళ్ళాడు. తెలుగులో వెళ్ళేవాళ్ళంతా ఆ మాటే అంటారని ప్రియకు తెలుసు. మామ్మ కూడా ఆస్పత్రికి వెళ్తూ అదే అంది.

ఇటలీనుంచి అతను రికార్డు చేసి పంపిన మాటలు వచ్చేవి. రేవు తగిలినప్పుడల్లా ఫోనులో గుత్తులుగా రాలేవి. "ఇయాల కొండ మీద ద్రాచ్చ తోటకి ఎల్లినాం. నలబైమంది. నాను లాబం అని లెక్కెడితే ఇటలీ గైడు భయపడిపోనాది, ఎవుడో తప్పిపోనాడనుకుని." ప్రియ ఒక్కొక్కటీ పదిసార్లు వినేది. బస్సులో వినేది, వంటింట్లో వినేది. ఆ ఇంట్లో మళ్ళీ ఒక తెలుగు గొంతు వినిపిస్తుంటే, కుర్చీ జరుపుకుని కూర్చుని తినడం మొదలుపెట్టింది.

ఆగస్టులో మాటలు ఆగిపోయాయి. ఒక వారం. ఓడకు నెట్ లేదేమో అనుకుంది. రెండు వారాలు. తను పెట్టిన మెసేజీలు చూసినట్టు గుర్తు పడుతోంది, జవాబు మాత్రం లేదు. మూడో వారానికి మెసేజీలు పెట్టడం మానేసింది. అతనిది ఓడ ఉద్యోగం, రేవుకో మనిషి దొరుకుతుంది, తను ఎందుకంత ఆశపడాలి అని తనను తాను తిట్టుకుంది. వ్యాను తలుపు దగ్గర మళ్ళీ వన్, టూ, త్రీ అంటుంటే దేవరాజన్ ఈసారి ఏమీ అడగలేదు. టీ కొనిపెట్టి ఊరుకున్నాడు.

ఓ మంగళవారం ఆఫీసు ఫోను. "ప్రియా, కల్లు విహారానికి ప్రైవేటు బుకింగు. ఒక్కరే. పది గంటలకు రేవు దగ్గర ఎక్కించుకో."

"ఒక్కరికి ఇద్దరి తట్ట పెడతారా?"

"ఇద్దరికే కట్టాడమ్మా."

రేవు ఖాళీగా ఉంది. ఆ రోజు ఓడేదీ లేదు. గేటు పక్క నీడలో ఓ మనిషి పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ లేని చొక్కా. ఛాతీ మీద పేరు లేదు. వ్యాను ఆగగానే లేచి నిలబడ్డాడు.

ప్రియ దిగింది. తిన్నగా అతని ముందుకు నడిచింది. నోరు తెరిచాక మాత్రం ఆగలేదు.

"మూడు వారాలు! సచ్చినావో బతికున్నావో తెలీదు! నోరు పడిపోనాదా? వేళ్ళు ఇరిగిపోనాయా? సూసి కూడా జవాబియ్యకపోతే ఎదుటి మనిసి ఏటనుకోవాల?"

"ఇక్కడే, బత్తు ఫెరింగీ బీచిలో, హోటల్లో పని కుదిరినాది," అన్నాడు నూకరాజు గబగబా. "వైనులు సూసుకునే పని. మొన్నే పర్మిట్ వచ్చినాది. వచ్చీదాకా నీతో మాటాడితే ఎక్కడ నోరు జారిపోతానో అని..."

"సెప్తే ఏటయిపోద్ది?"

"అవకముందు సెప్తే పని సెడిపోద్దని మా నాన్నమ్మ. నీకు తెలీదేటి? మనోల్లు భయమేసిన మాట నోటితో అనరు కదా. దాటేస్తారు."

ప్రియకు కోపం ఇంకా ఉంది. కానీ ఈ మాట తనకు కొత్తదేమీ కాదు. ఆరు తర్వాత ఇరవై ఏడేళ్ళు దాటేసిన ఇల్లే కదా తనదీ.

"నాన్నమ్మకి నీ గురించి సెప్పినాను," అన్నాడు మళ్ళీ. "పెనాంగులో లాభం అని లెక్కెట్టే గుంటున్నాదని. 'మరింకేటి సూస్తన్నావురా ఎదవా, ఎల్లు' అన్నాది." గొంతు తగ్గించాడు. "నీ కోసమే వచ్చినాను ప్రియా. నువ్వంటే నాకిష్టం. మార్చిలోనే అనాల. మింగీసినాను."

"నానూ మింగినాను," అంది ప్రియ. అని, కళ్ళు తుడుచుకుని, ఏమీ జరగనట్టు వ్యాను తలుపు లాగింది. "ఎక్కు. తోటలో అన్నం సల్లారిపోద్ది."

అతను ఎక్కి, అలవాటైన వెనక సీటు వైపు నడుస్తుంటే చొక్కా పట్టుకుని ముందు వరస సీట్లో కూర్చోబెట్టింది. తలుపు దగ్గర నిలబడి వేలెత్తింది.

"లాభం."

దేవరాజన్ అద్దంలోంచి చూసి, ఇంజను వేయడానికి తాళం మీద చెయ్యి వేశాడు. "అంతేనా అమ్మా? పోదామా?"

"ఉండన్నే, అవలేదు," అంది ప్రియ.

ఎక్కి అతని పక్కన కూర్చుని, ఆ వేలు తన గుండెల మీద పెట్టుకుంది.

"రొండు."